పాత కుందేలు, కొత్త కుందేలు – ఈ ఎండల్లో రెంటినీ కలపడం ఎలా?

బైరాగిపట్టెడ_అక్క
అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండేళ్ల మగ కుందేలు ఉంది, పేరు బుజ్జులు. హాలు, వరండా మొత్తం వాడిదే రాజ్యం. పక్క వీధిలో ఉండే వాళ్లు బదిలీ మీద హైదరాబాద్ వెళ్తూ తమ కుందేలును మాకు ఇచ్చి వెళ్లారు. తెల్లది, ఎర్ర కళ్లు, ఆరు నెలల వయసు. ఆడదని చెప్పి షాపువాడు అమ్మాడట. పేరు మల్లి. ప్రస్తుతానికి పడకగదిలో విడిగా ఉంచాం.

సమస్య ఏమిటంటే, బుజ్జులు ఆ గది తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూడటం, వెనక్కాళ్లతో నేలను దబదబ కొట్టడం. అర్ధరాత్రి కూడా అదే పని. కింద వాటా వాళ్లు "ఏమ్మా, రాత్రిపూట రోలు దంచుతున్నారా?" అని అడిగారు. పిల్లలేమో ఒకే బోనులో వేసేస్తే ఫ్రెండ్స్ అయిపోతాయంటున్నారు. మా అత్తయ్య అయితే మంచి రోజు చూసి పెళ్లి చేసేద్దామంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముర్కంబట్టు_మిద్దె
అంత ఆలోచన దేనికక్కా. మేం చిత్తూరులో మా రెంటినీ బాత్రూమ్‌లో వదిలి తలుపు వేసేశాం. కాసేపు కొట్టుకున్నాయి, తర్వాత వాటంతట అవే సర్దుకున్నాయి. ఇప్పుడు ఒకే గిన్నెలో తింటాయి.

గడ్డిపరక
తలుపు వేసి వదిలేయడం వద్దే వద్దు. మీ అదృష్టం బాగుంది తమ్ముడూ, అందరికీ అలా జరగదు. కుందేళ్లు కొట్టుకుంటే పిల్లుల్లా అరుపులు, బుసలతో ఆగిపోవు. చప్పుడు లేకుండా ఒకదాని మీద ఒకటి పడి గిరగిరా తిరుగుతాయి. చెవి చీలడం, కనురెప్ప తెగడం, మగవాటికైతే వృషణాల దగ్గర కరవడం, అన్నీ రెప్పపాటులో జరిగిపోతాయి. పైగా ఒకసారి గట్టిగా కొట్టుకున్నాక ఆ పగ చాలాకాలం మనసులో పెట్టుకుంటాయి. అప్పుడు కలపడం పదింతలు కష్టం.

అక్కా, బుజ్జులు నేలను కొట్టడం తప్పు కాదు. తన ఇంట్లోకి ఎవరో వచ్చారని ఊరంతా చాటుతున్నాడు, అంతే. కుందేలుకు తోడు ఇష్టమే, కానీ తన చోటు మీద పట్టింపు అంతకన్నా ఎక్కువ. కాబట్టి కొత్తదాన్ని తెచ్చి పాతదాని బోనులో పెట్టడమనే పని ఎప్పుడూ చేయకూడదు.

ముందు రెండు వారాలు విడిగానే ఉంచండి. ఇది స్నేహం కోసం కాదు, రోగాల కోసం. కొత్తదానికి ముక్కు కారుతోందా, ముందు కాళ్ల లోపలివైపు బొచ్చు తడిసి అట్టకట్టిందా (ముక్కు తుడుచుకుంటే అలా అవుతుంది), చెవి లోపల గోధుమరంగు పొక్కు ఉందా, రెట్ట పల్చగా ఉందా చూడండి. చెవిలో పొక్కు ఉంటే చెవి గజ్జి పురుగు. చూసుకోకపోతే బుజ్జులుకు కూడా అంటుకుంటుంది. ముందు బుజ్జులుకు మేత పెట్టి, ఆ తర్వాతే మల్లి దగ్గరకు వెళ్లండి. మధ్యలో చేతులు సబ్బుతో కడుక్కోండి.

పశువైద్యం_ఫైనలియర్
గడ్డిపరక గారు చెప్పినదానికి ముందు ఒక పని ఉంది మేడమ్. మల్లి ఆడదేనా అని చూపించారా? షాపులో చెప్పేది నమ్మకండి. పిల్ల వయసులో చూసి చెప్పడం అలవాటున్నవాళ్లకే కష్టం. ఆరు నెలలకు తేలిగ్గానే తెలుస్తుంది. వెల్లకిలా ఒడిలో పెట్టుకుని తోక దగ్గర మెల్లగా నొక్కితే మగదానికి గుండ్రటి గొట్టంలా బయటికి వస్తుంది, ఆడదానికి నిలువు చీలికలా కనిపిస్తుంది. మగదానికి మూడు నెలలు దాటాక వృషణాలు సంచుల్లోకి దిగి బొచ్చు లేని పొడుగాటి తిత్తుల్లా కనిపిస్తాయి. అయితే భయపడినప్పుడు లోపలికి లాగేసుకుంటాయి. అందుకే ఒకసారి చూసి తేల్చేయకూడదు. నడుముకు ఆనిక లేకుండా పట్టుకోవద్దు, గట్టిగా తన్నుకుంటే వెన్ను విరిగే ప్రమాదం ఉంది.

నిజంగా ఆడదైతే, బుజ్జులుకు వృషణాలు తీసేసే ఆపరేషన్ కాకపోయుంటే, ఒక్క నిమిషం కలిసినా చాలు. కుందేలుకు నెలనెలా ఎద ఉండదు, జత కలిసినప్పుడే అండం విడుదలవుతుంది. 31 రోజులు అటూఇటూగా ఈనుతుంది. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. పెళ్లి ఖర్చు కన్నా బాలసారె ఖర్చు ఎక్కువైపోతుందని మీ అత్తయ్యగారికి చెప్పండి.

తిరుపతిలోనే ఉన్నారు కదా, వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఒక ఉదయం రెంటినీ తీసుకెళ్లండి. ఎండెక్కక ముందే.

బైరాగిపట్టెడ_అక్క
చూపించి వచ్చాం. మల్లి మగది.

పెళ్లి రద్దు. అత్తయ్య ఒక పూట మాట్లాడలేదు. పిల్లలు పేరు మార్చడానికి ఒప్పుకోవడం లేదు కాబట్టి ఇప్పుడు వాడు మల్లిగాడు. ఒంట్లో రోగం ఏమీ లేదన్నారు, గోళ్లు మాత్రం కత్తిరించారు. ఇద్దరు మగవాళ్లు కలుస్తారా అసలు?

పలమనేరు_షెడ్డు
అమ్మా, నేను కుందేళ్లు పెంచి అమ్మేవాణ్ని. మా షెడ్డులో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులు ఉన్నాయి. మీది తెల్లది, ఎర్ర కళ్లు అంటున్నారు కాబట్టి న్యూజిలాండ్ వైట్ రక్తమే అయ్యుంటుంది. నాలుగు కిలోల వరకు పెరుగుతుంది, బోను చిన్నది కొనకండి.

పెద్ద మగవాటిని మేం ఎప్పుడూ ఒకచోట ఉంచం. మూడు నెలలు దాటితే దేని అర దానిదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇంకో మాట, జత కట్టించేటప్పుడు ఆడదాన్నే మగదాని అరలోకి తీసుకెళ్తాం, మగదాన్ని ఆడదాని అరలో వేయం. వేస్తే ఆడది దాన్ని చీల్చేస్తుంది. అంటే చోటు ఎవరిదనేదే మొత్తం గొడవ. మీరు విడివిడిగా రెండు బోన్లు పెట్టుకుని హాయిగా ఉండండి, ఈ తంటాలెందుకు.

గడ్డిపరక
అన్నా, మీ అనుభవం కాదనను. చోటు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ మీ షెడ్డులో ఉండేవన్నీ ఆపరేషన్ కానివి, ఈనడం కోసం పెంచేవి. ఆపరేషన్ అయిన రెండు మగవి కలిసి బతకడం నా ఇంట్లోనే ఉంది. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలా?

పలమనేరు_షెడ్డు
నా కుందేళ్లకు నాలుగు కాళ్లే ఉన్నాయి తల్లీ, రోజూ లెక్కపెడతా. సరే, ఆపరేషన్ సంగతి నాకు తెలియదు, దాని మీద వాదించను. ఖర్చు పెట్టుకోగలిగితే మీ ఇష్టం.

పశువైద్యం_ఫైనలియర్
ఇద్దరూ చెప్పింది కలిపితే సరిగ్గా సరిపోతుంది. సులభంగా కలిసేది ఆపరేషన్ అయిన ఒక మగ, ఒక ఆడ. రెండు మగవైతే ఇద్దరికీ వృషణాలు తీయించాల్సిందే. ఒకదానికే చేయించి ఊరుకుంటే రెండోది దాని మీద ఎక్కుతూనే ఉంటుంది, ఏదో రోజు కొట్లాటకు దారితీస్తుంది. ఆపరేషన్ అయిన మర్నాడే బుద్ధి మారిపోదు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది హార్మోన్లు తగ్గడానికి. ఆడదానితో ఉంచేవాళ్లు ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆపరేషన్ తర్వాత కూడా మగది కొన్ని వారాలు పిల్లలు పుట్టించగలదు.

చదివేవాళ్లలో ఆడ కుందేలు ఉన్నవాళ్లకు ఒక మాట. దానికి ఆపరేషన్ తోడు కోసమే కాదు, వయసు పైబడ్డాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది కాబట్టి కూడా.

ఎక్కడ చేయించినా డాక్టర్‌ను ఒకటి అడగండి: ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టాలా అని. పెట్టాలి అంటే ఆ చోటు వదిలేయండి. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి కుక్కకు చెప్పినట్టు పస్తు అవసరం లేదు. పైగా పస్తుతో పేగు కదలిక ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఆ రోజు సాయంత్రానికే కొంచెమైనా గడ్డి కొరకాలి. పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే తెల్లవారే దాకా ఆగే వ్యవహారం కాదు. నోటితో ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ మందులు కుందేలుకు విషంతో సమానం. కుక్కల పిడుదులకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా అంతే.

రేణిగుంట_నైట్‌డ్యూటీ
పాయింట్ ఒకటి. మార్చిలోనే ఇలా ఉంటే మే నెలలో తిరుపతి సంగతి అందరికీ తెలుసు. నలభై దాటుతుంది. పోయినేడు మా కుందేళ్లను కలిపే ప్రయత్నంలో ఒకదాన్ని పోగొట్టుకున్నాం. కరిచి కాదు. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఒకటి ఇంకోదాన్ని తరిమింది, తరమబడ్డది మూలలో కూలబడి నోరు తెరిచి ఆయాసపడింది. అంతే.

గడ్డిపరక
వినడానికే బాధగా ఉంది తమ్ముడూ. ఈ చర్చలో అందరూ గుర్తుంచుకోవాల్సిన విషయం మీరు చెప్పిందే. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేవన్నీ చలిదేశాల లెక్కలు. అక్కడ భయం కొట్లాట గురించి. మన దగ్గర కొట్లాట కన్నా పరుగు ప్రమాదం. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చెవుల మీదుగానే పోవాలి. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. అలాంటప్పుడు భయంతో పది రౌండ్లు పరిగెత్తిస్తే ఏమవుతుంది?

నా సలహా సూటిగా చెబుతాను. అక్కా, ఏప్రిల్, మే నెలల్లో ముఖాముఖి కలపడం పెట్టుకోవద్దు. ఇప్పుడు ఆపరేషన్ చేయించండి. హార్మోన్లు తగ్గడానికి ఎలాగూ వారాలు కావాలి. ఆ ఎండాకాలం అంతా మధ్యలో గేట్లు పెట్టి ఇద్దరినీ పక్కపక్కన ఉంచండి. నాలుగు వానలు పడ్డాక ఒకచోట వదలండి.

చెవులు ఎర్రబడి వేడిగా కాలుతున్నా, మూతి చుట్టూ తడిగా ఉన్నా, తల పైకెత్తి నోటితో ఊపిరి తీస్తున్నా ఎండదెబ్బే. మామూలు నీళ్లతో చెవులు తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి. ఐసు నీళ్ల బకెట్‌లో ముంచకండి.

ముర్కంబట్టు_మిద్దె
మిద్దె పైన సాయంత్రం వదిలితే గాలి తగులుతుంది కదా? కొత్త చోటు కూడా అవుతుంది.

అలిపిరి_దారి
మా వైపు మిద్దె మీద వదిలితే కుందేలు కన్నా ముందు కోతులు వస్తాయి బ్రో. పోయినవారం ఆరబెట్టిన వడియాలు జల్లెడతో సహా పోయాయి. పగలంతా కాగిన సిమెంటు సాయంత్రం ఆరింటికి కూడా చెయ్యి పెట్టనివ్వదు, దాని కాళ్లకు చెప్పులుండవు.

చంద్రగిరి_పొలం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. పొలంలో చెనిక్కాయ పీకుతుంటే చిన్న చెవులపిల్లి పిల్ల దొరికింది. మా ఇంట్లో తెల్ల కుందేలు ఉంది, దానితో కలపొచ్చా?

పశువైద్యం_ఫైనలియర్
కలపకూడదు, పెంచకూడదు కూడా. మన శేషాచలం చుట్టుపక్కల పొలాల్లో తిరిగేది వేరే జాతి. మన ఇళ్లలో పెంచే కుందేలుతో దానికి జత కుదరదు. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. ఇది బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. తల్లి దాన్ని పగలంతా ఒంటరిగా గడ్డిలో దాచి, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. అంటే మీకు దొరికింది అనాథ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టుకోవడం నేరం. తీసిన చోటే, నీడలో, కుక్కలు లేకుండా చూసి పెట్టేయండి.

చంద్రగిరి_పొలం
పెట్టేశాం సార్. ఉదయం చూస్తే లేదు. తల్లి తీసుకెళ్లిందనే అనుకుంటున్నాం.

బైరాగిపట్టెడ_అక్క
ఇద్దరికీ ఆపరేషన్ అయింది. గడ్డిపరక గారు చెప్పినట్టే చేశాం. హాల్లో రెండు ఇనుప జాలీ గేట్లు, మధ్యలో జానెడు ఖాళీ (జాలీ గుండా ముక్కు కొరుక్కుంటాయని మా మరిది చెప్పాడు, అందుకే ఖాళీ). ఒక సందేహం: కరుచుకోకుండా ఇద్దరికీ ఒకే పౌడర్ రాస్తే ఒకే వాసన వచ్చి కలిసిపోతారని ఎవరో అన్నారు. నిజమా?

గడ్డిపరక
పౌడర్ వద్దు, నాక్కుంటాయి, ముక్కులోకి పోతుంది. వాసన మార్చడానికి వాటి వాసనే వాడండి. మల్లిగాడి దొడ్డి ట్రేలో గడ్డి పిడికెడు తీసి బుజ్జులు ట్రేలో వేయండి, అటుది ఇటు. తర్వాత ట్రేలే మార్చండి. ఆ తర్వాత ఇద్దరినీ చెరోవైపుకు మార్చి పడుకోబెట్టండి. మొదట్లో కోపంతో ప్రతి మూలా మూత్రం చల్లుతారు, గడ్డం రుద్దుతారు. గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది, అది వాళ్ల సంతకం. కొన్నాళ్లకు ఆ వాసన ఇంటి వాసన అయిపోతుంది.

గేటుకు రెండువైపులా ఒకే చోట, ఒకే సమయానికి గడ్డి పెట్టండి. పక్కపక్కన నములుతూ ఉండటమే మొదటి స్నేహం. కుందేళ్ల కోసం షాపుల్లో అమ్మే టిమోతీ ఎండుగడ్డి కొనలేకపోతే మన గరిక బంగారం. రోడ్డు పక్కది కాదు, మందు కొట్టని చోటుది, కడిగి ఆరబెట్టండి. దశరథ గడ్డి బలమైనది, అది కొంచెమే. వరిగడ్డి పరుపుగా వేయండి, తింటే తిననివ్వండి. క్యారెట్ రోజూ పెట్టకండి, అందులో తీపి ఎక్కువ.

రేణిగుంట_నైట్‌డ్యూటీ
గంగమ్మ జాతర వారంలో కొత్తగా ఏమీ మొదలుపెట్టకండక్కా. తప్పెట్ల చప్పుడుకు మా దగ్గర మంచి జతే ఒకటినొకటి తన్నుకుంది.

కె.టి.రోడ్_కాఫీ
ఇంత శ్రమ ఎందుకు, తోడుగా ఒక గినీ పిగ్ తెచ్చి పెట్టొచ్చు కదా?

పశువైద్యం_ఫైనలియర్
వద్దండి. కుందేలు తన్ను గినీ పిగ్‌కు తట్టుకోలేనిది. కుందేలుకు పెద్దగా ఏమీ చేయని బోర్డెటెల్లా క్రిమి గినీ పిగ్‌కు న్యుమోనియా తెస్తుంది. దాని మేతలో విటమిన్ సి కావాలి, కుందేలుకు అక్కర్లేదు.

బైరాగిపట్టెడ_అక్క
చాలాకాలం తర్వాత వస్తున్నాను. వానలు పడ్డాయి, చల్లబడింది. ఎండాకాలమంతా గేట్లకు అటూ ఇటూ ఉన్నారు. తడి తువ్వాలు, నీళ్లు గడ్డకట్టించిన సీసా ఒక్కోడికి ఒకటి. మొదట్లో గేటు దగ్గర వీపులు తిప్పి కూర్చునేవాళ్లు. ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరూ గేటుకు ఆనుకుని కాళ్లు చాచి పడుకుంటున్నారు.

పోయినవారం మరిది కొడుకు వచ్చి గేటు తెరిచేశాడు. బుజ్జులు ఒక్క గెంతు. తోక పైకెత్తి, చెవులు వెనక్కి మడిచి, ఇద్దరూ ఒకరి తోక వెనక ఒకరు గిర్రున తిరిగారు. నేను పొరక మధ్యలో పెట్టి ఆపాను. బొచ్చు ఊడింది కానీ గాయం లేదు. ఇప్పుడు ఏం చేయాలి? మళ్లీ మొదటికొచ్చామా?

గడ్డిపరక
గాయం లేదు కాబట్టి నష్టం లేదు. చెయ్యి పెట్టకుండా పొరక పెట్టారు, అదే పద్ధతి. చెయ్యి పెడితే కుట్లు మీకు పడేవి.

హాలు బుజ్జులుది. అక్కడ జరిగింది కాబట్టే తిరగబడ్డాడు. ఇద్దరూ ఎప్పుడూ అడుగు పెట్టని చోటు చూడండి. పక్కింటి వాళ్ల ఖాళీ గది అయినా సరే. నేల జారకుండా పాత దుప్పటి పరవండి. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె ఒకటి పెట్టండి. ఒకే దారి ఉన్న పెట్టె మాత్రం వద్దు, లోపలున్నవాడు ఇరుక్కుపోతాడు. చిన్న చోటుతో మొదలుపెట్టండి, పెద్ద చోటు ఇస్తే తరుముడు మొదలవుతుంది. తెల్లవారుజామున పది, పదిహేను నిమిషాలు చాలు. ఎంత బాగున్నా అక్కడికి ఆపండి. బాగున్నప్పుడు ముగించడమే కిటుకు.

ఒకడి మీద ఒకడు ఎక్కితే కంగారుపడకండి, పెద్దరికం తేల్చుకుంటున్నారు. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం దించేయండి, కిందివాడు కొరికితే చాలా ప్రమాదం. కొంచెం తరమడం, బొచ్చు పీకడం మామూలే. తోకలు లేపి గిర్రున తిరగడం మొదలైతే ఆ క్షణమే ఆపాలి. కొందరు కారులో తిప్పితే భయంతో ఒకదాన్నొకటి హత్తుకుంటాయంటారు. అది స్నేహం కాదు, వణుకు. నేనైతే చేయను.

బైరాగిపట్టెడ_అక్క
పైవాటా ఖాళీగా ఉంది, తాళం అడిగి తీసుకున్నాం. అక్కడ చూసింది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదట్లో ఇద్దరూ చెరో మూలన కూర్చుని ముఖాలు కడుక్కున్నారు. ఒకరిని ఒకరు చూడనట్టే నటన. తర్వాత మల్లిగాడు పొట్ట నేలకు ఆనించి, మెడ చాపి, అంగుళం అంగుళం జరుగుతూ వచ్చి, బుజ్జులు గడ్డం కింద తల దూర్చి ఆగిపోయాడు. బుజ్జులు కూడా తల దించాడు. ఇద్దరి నుదుళ్లూ తాకుతున్నాయి, ఎవరూ నాకరు. అలాగే ఉండిపోయారు. నాకు ఊపిరి ఆడలేదు.

పశువైద్యం_ఫైనలియర్
తల దించడం అంటే "నన్ను నాకు" అని అడగడం మేడమ్. ఇద్దరూ అడుగుతున్నారు, ఎవరూ ఇవ్వడం లేదు. అక్కడే ఒక్కోసారి విసుగొచ్చి కొరుకుతారు. మీ వేలితో ఇద్దరి నుదుళ్లూ ఒకేసారి నిమరండి, రెండోవాడే చేస్తున్నాడనుకుంటారు. లేదా చిటికెడు అరటిపండు గుజ్జు ఇద్దరి నుదుటి మీద రాయండి.

బైరాగిపట్టెడ_అక్క
అరటిపండు పని చేసింది. ముందు నాకింది బుజ్జులే! నేను మల్లిగాడు లొంగుతాడనుకున్నాను. గుజ్జు అయిపోయాక కూడా ఆపలేదు, కన్ను, చెవి మొదలు అన్నీ శుభ్రం చేశాడు. అత్తయ్య చూసి "అన్నదమ్ములైతే ఇంకా మంచిది, కట్నం గొడవ లేదు" అంది.

పలమనేరు_షెడ్డు
ఆపరేషన్ అయిన రెండు మగవి కలిసి ఉండటం నేను ఇప్పుడే వింటున్నా. వీలైతే ఒక ఫొటో పెట్టండమ్మా, మా ఆవిడకు చూపిస్తా.

గడ్డిపరక
ఇక రాత్రిళ్లు కూడా కలిపి ఉంచే ముందు, పగలంతా మీ కళ్ల ముందు గొడవ లేకుండా ఉండగలుగుతున్నారా చూసుకోండి. హాల్లోకి తెచ్చేముందు గేట్లు, ట్రేలు, బోన్లు వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి, సామాను స్థానాలు మార్చేయండి. బుజ్జులుకు అది పాత హాలులా అనిపించకూడదు. గడ్డి రెండు చోట్ల, నీళ్లు రెండు చోట్ల, ట్రేలు రెండు.

బైరాగిపట్టెడ_అక్క
అన్నీ అయ్యాయి, హాల్లోనే ఉన్నారు. రెండు ట్రేలు పెట్టినా ఒకే ట్రేలో ఇరుక్కుని కూర్చుంటున్నారు. ఇప్పుడు వేరే ప్రశ్న. మల్లిగాడికి పన్ను పెరిగినట్టుంది, చూపించాలి. వాడొక్కణ్నే తీసుకెళ్లనా?

గడ్డిపరక
ఇద్దరినీ ఒకే బుట్టలో తీసుకెళ్లండి. ఒక్కడు ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే రెండోవాడు పరాయివాడనుకుని మళ్లీ కొట్లాటకు దిగుతాడు. పన్ను సంగతికి వస్తే, కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లే కాదు, దవడ పళ్లు కూడా చూడమని అడగండి. గోళ్ల కత్తెరతో ముందు పళ్లు కత్తిరిస్తామంటే ఒప్పుకోకండి, పన్ను నిలువునా చీలిపోతుంది. ఉదయం ఎనిమిదింటికల్లా బయలుదేరండి, బుట్టలో పిడికెడు గరిక వేయండి.